ఆగని స్టేషన్ బోర్డు చదవలేకపోతే మెదడు స్లో అయినట్టా?

ప్రశ్న: సార్, నాకు రెండు కళ్ళకీ మైనస్ రెండున్నర సైట్ ఉంది. రోజూ కావలి నుంచి ఒంగోలుకి రైల్లో పోయొస్తుంటా. అద్దాలు తీసి కిటికీ దగ్గర కూర్చుంటే మా రైలు ఆగని తెట్టు, ఉలవపాడు బోర్డులు సర్రున వెళ్ళిపోతాయి, ఒక్క అక్షరం అందదు, పక్కనోడేమో టక్కున చెప్పేస్తాడు. అదే ఫోన్‌లో అయితే గబగబా చదివేస్తా. సైట్ ఉన్నోళ్ళకి మెదడు స్లోగా పనిచేస్తదా ఏంది?
(కావలి పాఠకుడు)

జవాబు: మెదడుకేం కాలేదులెండి. ఫోన్ గబగబా చదువుతున్నానని మీరే సగం జవాబు చెప్పేశారు. మైనస్ సైట్‌లో చాలామందికి కనుగుడ్డు కాస్త పొడుగ్గా ఉంటది, మామూలుగా ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్లు ఉండేది, ఇంకొక్క మిల్లీమీటర్ సాగితే చాలు రెండున్నర, మూడు పవర్ వచ్చేస్తది. దూరపు బొమ్మ రెటీనాకి, అంటే కంటి వెనక ఉండే తెరకి, ముందే ఫోకస్ అయిపోయి, రెటీనా మీదకొచ్చేసరికి అలుక్కుపోయినట్టు పడుతుంది. మీ పవర్‌కి అద్దాల్లేకుండా క్లియర్‌గా కనపడేది 40 సెంటీమీటర్ల దాకానే, అంటే ఫోన్ పట్టుకునే దూరం.

ఇప్పుడు రైలు లెక్క చూడండి. గంటకి 110 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 30 మీటర్లు. బోర్డు మీద అక్షరం అడుగు ఎత్తుందనుకుంటే 6/6 చూపున్నోడు, అంటే నార్మల్ చూపున్నోడు, దాదాపు 200 మీటర్ల నుంచే చదవగలడు, వాడికి ఆరు సెకన్ల పైన టైముంది. మీకు అద్దాల్లేకుండా 6/60 అనుకుందాం, అంటే నార్మల్ కన్ను 60 మీటర్ల నుంచి చదివేది మీకు 6 మీటర్లకొస్తేగానీ అందదు, 20 మీటర్ల దగ్గరకొస్తేగానీ అక్షరం విడిపడదు, అంటే సెకను కూడా లేదు, పైగా ఆ దగ్గర్లో బోర్డు కిటికీ పక్కన ఎంత జోరుగా జారిపోతదంటే ఎవరి కన్నూ దాని వెంట తిరగలేదు. దూరంగా నిదానంగా కదిలేటప్పుడు మీకు కనపడదు, కనపడే దూరానికొచ్చేసరికి అది ఆగదు. అదీ తిరకాసు.

బొమ్మ క్లియర్‌గా అందితే మెదడు ఎంత ఫాస్టో 1996లో ఫ్రాన్స్‌లో సైమన్ థోర్ప్ టీమ్ చూపించింది. ఫొటో 20 మిల్లీసెకన్లే, అంటే సెకనులో యాభయ్యో వంతు చూపించి అందులో జంతువుందా లేదా అని అడిగితే జనం చాలావరకు కరెక్ట్‌గా చెప్పారు, మెదడు సిగ్నల్‌లో ఆ తేడా 150 మిల్లీసెకన్లకే కనపడింది. అందే బొమ్మే మసగ్గా ఉంటే మాత్రం అదే మెదడుకి ఎక్కువసేపు చూడాల్సొస్తది.

మసక బొమ్మ పూర్తిగా దండగేం కాదండోయ్. సన్నటి గీతలు పోతాయి గానీ మొత్తం ఆకారం, నడక, రంగు మిగులుతాయి, మెదడు ముందు పట్టుకునేది వాటినే. మిగతాది ఊహతో నింపేస్తది, అక్కడే బోల్తా పడతాం. నాదీ మైనస్ మూడే, ఒకసారి ట్రంకురోడ్డులో అద్దాల్లేకుండా పోతా పోతా మా మేనమామ అనుకుని ఎవరో పెద్దాయనకి దండం పెట్టేశా, ఆయన కూడా పాపం నవ్వి తిరిగి పెట్టాడు. రైల్లో ఉలవపాడు తప్పిపోతే పోయేదేం లేదు, బండి మీద మాత్రం ఆ ఊహల్ని నమ్మబాకండి.

ఇంకోటి, అద్దాలు తీసి అరగంట ఉంటే కొంచెం బాగా కనపడతన్నట్టు ఉంటది. మెదడు మసకకి అలవాటు పడిందంతే, పవర్ తగ్గలేదు. ఈసారి అద్దాలు పెట్టుకుని చూడండి, అప్పుడు కూడా బోర్డు అందకపోతే పవర్ మారిందేమో చెక్ చేయించుకోండి.

ప్రశ్న: కళ్ళు చిట్లిస్తే దూరంగా ఉన్న బస్సు బోర్డు కనపడతది, ఎందుకని?
(కందుకూరు పాఠకురాలు)

జవాబు: రెప్పల మధ్య సందు సన్నగా అయితే అంచుల నుంచొచ్చే వెలుగు ఆగిపోయి మసక తగ్గుతుందమ్మా. అట్టముక్కకి గుండుసూదితో బొక్క పెట్టి చూసినా అంతే. ఈ మైనస్ సైట్‌కే మయోపియా అని పేరు, ఆ గ్రీకు మాటలోనే కన్ను మూయడం అనే అర్థం ఉంది, ఆ కాలం వాళ్ళు కూడా చిట్లించే చూసుంటారు. కాకపోతే సందు తగ్గితే వెలుతురూ తగ్గుతది, చీకటి పడ్డాక ఈ కిటుకు పెద్దగా పనిచెయ్యదు, అప్పుడు కండక్టర్‌ని అడగడమే.