కొండ నీడ చూసుకున్నాకే ప్యానెళ్లు

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీస్సులతో వ్రాయునది.

నేరబైలు దగ్గర, తలకోన కొండల అంచున కట్టుకున్న ఇంటి మిద్దె మీద నువ్వు మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు వేయించబోతున్నావని అక్క చెప్పగానే ఎంతో సంతోషించాను. అయితే ఇన్నేళ్లు కరెంటు పని చేసినవాణ్ణి కనుక, నువ్వు అడ్వాన్సు ఇచ్చే ముందే కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

నాయనా, ముందు కొండ నీడ సంగతి చూడు. తిరుపతి ప్రాంతం సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందున, డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున దాదాపు 53 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. జూన్‌లో మాత్రం నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల వేసవిలో మూలమూలనా ఎండ కాసిన మిద్దె మీదికే మార్గశిర, పుష్య మాసాల్లో మధ్యాహ్నం మూడింటికే కొండ నీడ దిగవచ్చు. నేను మా ఇంట్లో ఏప్రిల్ ఎండను చూసి స్థలం నిర్ణయించాను. చలికాలం రాగానే దక్షిణాన ఉన్న కొబ్బరిచెట్టు నీడ రోజూ ప్యానెళ్ల వరుస మీద పడసాగింది. ప్యానెళ్లను ఒకదానితో ఒకటి సిరీస్‌లో, అంటే ఒకదాని కరెంటు మరొకదాని గుండా పోయేట్టు వరుసగా, కలుపుతారు కనుక ఒక్కదాని మీద పడిన నీడ నష్టం ఆ ఒక్కదానితో ఆగలేదు, చివరికి స్టాండు మొత్తం విప్పి జరపవలసి వచ్చింది. మామూలుగా ప్యానెళ్లను దక్షిణం వైపు, మన అక్షాంశమంత వాలులో బిగిస్తారు. నీ ఇంటికి పడమట కొండ అడ్డుగా ఉంటే కొంచెం ఆగ్నేయానికి తిప్పి ఉదయపు ఎండను పట్టుకోవడమే మేలు.

రెండవది, మూడు కిలోవాట్లు నిజంగా అవసరమా అన్న ప్రశ్న. నీడ లేని చోట ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. నీ ఇంట్లో నాలుగు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున, పన్నెండు గంటలు తిరిగితే 3.6 యూనిట్లు ఖర్చవుతాయి. వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారువి) పెడితే ఖర్చు ఒకటిన్నర యూనిట్ల లోపే ఉంటుంది. అంటే ఫ్యాన్లు మార్చినంత మాత్రానే అర కిలోవాటు ప్యానెళ్లు బిగించినంత ఫలం దక్కుతుంది, అది మబ్బు పట్టిన రోజున కూడా దక్కుతుంది. నీ స్థలం వాలుగా ఉంది కాబట్టి నీళ్ల తొట్టిని ఇంటికంటే ఎగువన కట్టించి, బోరు మోటారును ఎండ బాగా ఉన్న వేళలో వేసి నింపుకుంటే, ఆ పైన తోటకూ ఇంటికీ నీళ్లు వాటంతట అవే దిగివస్తాయి. ఇళ్ల మిద్దెల మీద సోలార్ కోసం కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు సబ్సిడీ ఉంది. ఆ పద్దెనిమిది వేల తేడా కోసం మూడో కిలోవాటు పెట్టించవద్దు.

స్నానాల నీళ్లకు రెండు వేల వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్ పోతుంది కనుక సోలార్ హీటరు పెట్టించడం మంచిదే. కానీ కోతులు తిరిగే చోట గాజు గొట్టాల రకం నిలవదు, గట్టి అద్దం ఉన్న పలక రకమే తీసుకో. ప్యానెళ్ల వైర్లను కూడా పైపుల్లోనే వేయించు.

ఇక అందరూ మరచిపోయే సంగతి ఒకటుంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి, బ్యాటరీ లేకుండా నేరుగా వీధి లైనుకు కలిపే సాధారణ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, లైను మీద కరెంటు పోగానే, స్తంభమెక్కి పనిచేసే లైన్‌మెన్ ప్రాణాల కోసం తనంతట తానే ఆగిపోతుంది; అప్పుడు మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా ఇంట్లో ఫ్యాను తిరగదు. కార్తీక మాసపు తుఫాను గాలులకు చెట్లు లైన్ల మీద పడే మీ వైపు ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుచేత లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, లైట్లకూ ఫ్యాన్లకూ సరిపడే చిన్న లిథియం బ్యాటరీ తీసుకుంటే చాలు, ఇల్లంతా బ్యాటరీ మీద నడపాలని ఖర్చు పెంచుకోవద్దు. తిరుమలలో 2002లో 106 అద్దాల డిష్‌లతో ఎండనుంచి ఆవిరి పుట్టించి వేలమందికి వంట చేసే ఏర్పాటు పెట్టినప్పుడు కూడా మబ్బు రోజుల కోసం ఇంధనంతో నడిచే పాత బాయిలరును తీసివేయలేదు.

గాలిమరతో కూడా కరెంటు తీయాలన్న ఆలోచన ఉంటే మానుకో. గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, నీ ఇల్లు కొండ శిఖరాన కాక పాదాన ఉంది. ఎర్తింగ్ గుంత మాత్రం రాతి మీద కాక చెమ్మ నిలిచే మట్టిలో తీయించు, పిడుగుల కాలం వస్తే దాని విలువ తెలుస్తుంది.

డిసెంబరు మూడో వారంలో ఒక రోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకొకసారి మిద్దె మీది నీడ అంచున సుద్దతో గీత గీసి, పక్కన వేళ రాసి, ఫోటోలు పంపు. ఏ మూల ఎన్ని ప్యానెళ్లు బిగించాలో అవి చూసి రాస్తాను.

ఇట్లు,
నీ మేనమామ,
తిరుపతి