కెమెరా సందేహాలు: కొత్త లెన్స్ సంగతి తర్వాత, ముందు ఆ ఫొటో చూద్దాం

ఫొటో కూడా పంపండి, వాట్సాప్‌లో నలిగిపోయింది కాదు, కెమెరాలోంచి తీసిన అసలు ఫైలే పంపండి అని పోయినసారి అడిగా కదా, చాలామంది పంపారు, థాంక్సండీ. అసలు ఫైల్లో షట్టర్ స్పీడ్ (సెకనులో ఎన్నో వంతు తెరుచుకుంది) ఎంత, ఐఎస్ఓ (వెలుగుని పట్టే చురుకు) ఎంత, ఎన్ని గంటలకి తీశారు అన్నీ రాసే ఉంటాయి కాబట్టి ఈసారి ఊహించి చెప్పాల్సిన పని పెద్దగా పడలేదు.

ప్రశ్న: నా దగ్గర కానన్ 1500డీ, 55-250 లెన్స్ ఉన్నాయి. ఆటపాక వెళ్ళి పెలికాన్లు తీశాను, ఒక్కటి కూడా షార్ప్‌గా రాలేదు. 150-600 కొందామనుకుంటున్నా. సిగ్మా తీసుకోమంటారా, టామ్రానా? – ఒక లెక్చరర్, ఏలూరు

జవాబు: మాస్టారూ, రెండూ మంచివే, కళ్ళు మూసుకుని ఏది తీసుకున్నా పర్లేదు, కానీ ఇప్పుడే కొనకండి. మీరు పంపిన దాంట్లో గూడబాతు ఎగురుతోంది, జూమ్ 250 దగ్గర, షట్టర్ 1/250, ఐఎస్ఓ 100, టైం చూస్తే పొద్దున 11:40. మీ కెమెరాలో ఫొటోని పట్టే చిప్పు, అంటే సెన్సర్, చిన్నది, క్రాప్ 1.6 కాబట్టి 250 అంటే లెక్కకి 400, జూమ్ ఎంతో షట్టర్ కనీసం అన్నో వంతు ఉండాలని ఒక లెక్క, అంటే కదలని కొంగని చేత్తో పట్టుకుని తీయాలన్నా 1/400 ఉండాలి. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉందిగా అంటారేమో, అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పక్షి రెక్కని ఆపదు కదండీ. ఎగిరేదానికి 1/1600 పెట్టండి, ఎండ బాగా ఉంటే ఐఎస్ఓ 400 చాలు, మబ్బుగా ఉంటే 800, ఇంకా తక్కువైతే 1600 దాకా ధైర్యంగా వెళ్ళండి. ఐఎస్ఓ 100 దాటితే ఫొటో పాడైపోతుందని ఎవరు చెప్పారో గానీ ఈ భయం మనవాళ్ళలో చాలామందికి ఉంది. నాయిస్ (గరుకు) ఉన్న ఫొటోని కంప్యూటర్‌లో కొంత బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని ఎవరూ బాగు చేయలేరు.

ఇక ఆ 11:40 సంగతి. ఫొటోని పూర్తిగా జూమ్ చేసి ముక్కు అంచు చూడండి, గీత తిన్నగా లేదు, సన్నగా అలలు అలలుగా ఉంది. వెనకాల చెట్ల కొమ్మలు కూడా అలాగే ఉన్నాయి. ఇది లెన్స్ తప్పు కాదు, ఫోకస్ తప్పూ కాదు, ఎండెక్కాక నీళ్ళ మీద గాలి వేడెక్కి అలా మెలికలు తిరుగుతుంది, లక్షలు పోసి కొన్న లెన్స్ పెట్టినా అదే వస్తుంది, ఇంకా 600 ఎంఎం పెడితే ఆ మెలికలు మరీ పెద్దగా కనిపిస్తాయి. సూర్యోదయం నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర లోపల తీసేయండి. బోటులో ఉంటే ఇంజిన్ ఆపమని అడగండి, అది నడుస్తుంటే మీ ఒళ్ళంతా వణుకుతూనే ఉంటుంది.

ఫోకస్ దగ్గర ఇంకొకటి ఉంది. మీ బాడీలో 9 ఫోకస్ పాయింట్లు ఉంటాయి, వాటిలో మధ్యలోది ఒక్కటే క్రాస్ టైపు (అడ్డగీతల్నీ నిలువు గీతల్నీ పట్టేది), నమ్మాల్సింది దాన్నే. మొత్తం 9 ఆన్ చేసి వదిలేస్తే కెమెరా వెనకాల తుమ్మచెట్టుని పట్టుకుంటుంది. మధ్య పాయింట్, ఏఐ సర్వో (కదిలేదాని వెంటే ఫోకస్ మార్చుకునే మోడ్), ఈ రెండూ పెట్టి పక్షి ఇంకా దూరంగా ఉన్నప్పుడే బటన్ సగం నొక్కి దాంతో పాటు తిరగండి. సెకనుకి మూడే ఫొటోలు వస్తాయి కాబట్టి గన్‌లా పేల్చితే లాభం లేదు, రెక్కలు పైకి లేచిన క్షణం చూసి కొట్టాలి. తెల్ల ఈకలు మరీ కాలిపోయినట్టు వస్తుంటే ఎక్స్‌పోజర్ కాస్త మైనస్‌లోకి దించండి.

ఇదంతా ఉప్పలపాడులో ప్రాక్టీస్ చేయండి. గుంటూరు పక్కనే, ఊరి చెరువులో చెట్ల మీదే పెలికాన్లూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టుకుంటాయి, చాలా దగ్గర, 250 సరిపోతుంది. అప్పటికీ రీచ్ చాలట్లేదు అనిపిస్తే 150-600 ఒకరోజు అద్దెకి తెచ్చుకుని చూడండి, దాదాపు రెండు కిలోలుంటుంది, మెడకి తగిలించుకుని గట్టు మీద గంటసేపు నడిచాక మీకే తెలుస్తుంది. నన్నడిగితే సెకండ్ హ్యాండ్‌లో కానన్ 400 ఎంఎం ఎఫ్ 5.6 ఎల్ వెతకండి. 1993 నాటి డిజైన్, స్టెబిలైజర్ లేదు, 1/1600లో తీసేవాడికి దాంతో పనీ లేదు. కిలోంబావు బరువు, ఫోకస్ చాలా చురుగ్గా ఉంటుంది, ఎగిరే పక్షికి ఇప్పటికీ నాకు ఇష్టమైన లెన్స్ అదే.

ప్రశ్న: మా బావ డల్లాస్ నుంచి మిర్రర్‌లెస్ తెచ్చిచ్చిండు. అక్క పెళ్ళిల సైలెంట్ మోడ్ పెట్టి తీస్తే ఫొటోలల్ల అడ్డంగ నల్ల చారలు వచ్చినయ్. రిపేర్ షాపుల సెన్సర్ పోయింది, మార్చాలె అన్నరు. నిజమేనా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ సెన్సర్‌కి ఏమీ కాలేదు, దయచేసి ఆ షాపుకి మళ్ళీ వెళ్ళకండి. కావాలంటే మధ్యాహ్నం ఎండలో అదే సైలెంట్ మోడ్‌లో ఒక ఫొటో తీయండి, ఒక్క చార కూడా రాదు.

మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో ఫంక్షన్ హాల్లో మామూలు లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి, కంటికి తెలీదంతే. సైలెంట్ మోడ్‌లో తెర పడదు, సెన్సర్‌ని పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది. ఈలోపు లైటు డిమ్ అయిన వరసలన్నీ నల్లగా, వెలిగిన వరసలన్నీ తెల్లగా పడతాయి. మీ ఫొటోలో చారలు లెక్కపెట్టాను, 5 ఉన్నాయి, అంటే మీ కెమెరా ఒక ఫొటో చదవడానికి సెకనులో దాదాపు 20వ వంతు తీసుకుంటోందన్నమాట. కెమెరా నిలువుగా పట్టుకుని తీసిన తలంబ్రాల ఫొటోలో చారలు కూడా నిలువుగా వచ్చాయి చూడండి, వరసల వారీగా జరుగుతోందనడానికి ఇంకేం రుజువు కావాలి.

కాబట్టి హాల్లో మామూలు మెకానికల్ షట్టర్ పెట్టండి, పంతులుగారి మంత్రాలూ సన్నాయీ మధ్య మీ క్లిక్కు సౌండ్ ఎవరికీ వినపడదు. స్పీడు 1/100 లేదా 1/50, అప్పుడు ప్రతి వరసకీ లైటు పూర్తిగా ఒక చుట్టు పడుతుంది, చారలు పోతాయి. సంగీత్ డాన్సులకి 1/100 చాలదు కాబట్టి మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, లైటు బాగా వెలిగిన క్షణం చూసి అదే క్లిక్ చేస్తుంది. స్టేజి వెనకాల పెట్టే ఎల్ఈడీ వాల్ మాత్రం వేరే జాతి, దాని లెక్క ఈ 100కి లొంగదు, మెకానికల్ షట్టర్‌తో రెండు మూడు స్పీడులు మార్చి చూసి ఏది బాగుంటే అది పెట్టుకోవడమే.

ఇంకోటి, కెమెరా అమెరికాది కదా, వీడియో ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా వీడియో పద్ధతి) ఉండి ఉంటుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, దానికి తగ్గట్టు 30, 60 ఫ్రేములు ఇస్తుంది, ఇక్కడ తీస్తే లైట్లు వణుకుతాయి. మెనూలో పాల్‌కి (PAL, మన పద్ధతి) మార్చి 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మార్చేటప్పుడు కొన్ని కెమెరాలు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, పెళ్ళి ఫొటోలు ముందే కాపీ చేసుకోండి. చార్జర్ సంగతి బెంగ లేదు, దాని మీద 100-240 వోల్టులు అని రాసుంటే పిన్ మార్చుకుంటే చాలు.

ప్రశ్న: యూవీ ఫిల్టర్ లేకుండా లెన్స్ వాడకూడదంట కదా? – కాకినాడ నుంచి

జవాబు: ఫిల్టర్ లేకుండా వాడొచ్చు. లెన్స్ ముందు బిగించే ఆ గాజుని బీచ్‌లో ఉప్పు తుంపర పడేచోట పెట్టుకోండి, ఇంటికొచ్చాక తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే చవక ఫిల్టర్ ఉంటే రాత్రిపూట వీధిలైట్లు ఫొటోలో ఇంకోచోట పచ్చటి చుక్కల్లా మళ్ళీ కనిపిస్తాయి. దెబ్బ తగలకుండా కాపాడేది హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం), చాలామంది దాన్ని తిరగేసి పెట్టి అలాగే ఊరంతా తిరుగుతారు, ఎందుకో మరి.

ప్రశ్న: అన్నా, కోఠిలో సెకండ్ హ్యాండ్ నికాన్ డీ3500, దాంతో 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్స్ ఇస్తా అంటున్నారు. డీఎస్ఎల్ఆర్‌లు అయిపోయాయి, కొనొద్దు అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయను? – డిగ్రీ స్టూడెంట్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, అయిపోయాయన్నది నిజమే, 2020 తర్వాత కానన్, నికాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) తేలేదు, రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్‌లోకే వెళ్ళిపోయాయి. నీకు అది మంచి వార్త, అందరూ పాతవి అమ్ముకుంటున్నారు కాబట్టి స్టూడెంట్ డబ్బులకి మంచి లెన్సులు దొరుకుతున్నాయి. ఆ కెమెరా ఫొటోలు నిన్న ఎంత బాగున్నాయో రేపు కూడా అంతే బాగుంటాయి.

కానీ ఆ జోడీ మాత్రం కుదరదు. ఆ డీ లెన్స్‌లో ఫోకస్ మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారు దాన్ని తిప్పాలి, డీ3500 బాడీలో ఆ మోటారే లేదు. అంటే ప్రతిసారీ చేత్తో రింగు తిప్పుకోవాలి, ఎఫ్ 1.8లో, అంటే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరిస్తే, ఫోకస్ పొర పల్చగా ఉంటుంది, కదిలే మనిషిని అలా పట్టుకోవడం అంత వీజీ కాదు. అయితే లెన్స్ ఎఫ్ 1.8 జీ అని రాసున్నది అడుగు, లేదంటే బాడీ డీ7100 లాంటిది అడుగు, దాంట్లో మోటారు ఉంటుంది. ఇంకో మాట, ఇంట్లో, హాస్టల్ రూంలో తీసేది ఎక్కువైతే 50 కన్నా 35 ఎంఎం ఎఫ్ 1.8 జీ మేలు, 50తో నలుగురిని ఫ్రేములోకి తేవాలంటే వీపు గోడకి తగులుతుంది.

షాపుకి నీ మెమరీ కార్డు, ఫోను పట్టుకెళ్ళు. లెన్స్ విప్పించి ఒక పక్క నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండో పక్క నుంచి చూడు, నాలుగు దుమ్ము రేణువులు ఉంటే ఏం కాదు, సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, అక్కడే పెట్టేసి వచ్చెయ్. బయటికొచ్చి ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని తియ్యి, సెన్సర్ మీద మచ్చలుంటే నల్ల చుక్కలు కనిపిస్తాయి, దుమ్మయితే క్లీనింగ్‌తో పోతుంది, గీత ఉంటే పోదు. తర్వాత లెన్స్‌కి మూత పెట్టి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ ఒకటి తీసి ఎర్ర, తెల్ల చుక్కలు ఎన్ని మెరుస్తున్నాయో చూసుకో. నికాన్‌లో ఒక జేపెగ్ తీసి ఇంటికి తెచ్చుకుంటే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ ఫైల్లోనే ఉంటుంది, చూపించే ఉచిత సైట్లు బోలెడు. కానన్ ఫైల్లో మామూలుగా ఆ లెక్క ఉండదు. డీ7100 షట్టర్‌ని నికాన్ 1,50,000 క్లిక్కుల దాకా టెస్ట్ చేసింది, నలభై యాభై వేలు కొట్టిన బాడీ అయితే భయం లేకుండా తీసుకోవచ్చు. బాడీ కింద నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా చూసుకో, బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు.

ప్రశ్న: లేపాక్షి గుడిలో పైకప్పు మీది రంగుల బొమ్మలు తీస్తే అంతా గరుకు గరుకుగా వస్తోంది. నికాన్ డీ5600, 18-55. ఫుల్ ఫ్రేమ్ కొంటే పోతుందా? – ఒక డ్రాయింగ్ టీచర్, హిందూపురం

జవాబు: కొంచెం పోతుందమ్మా, పూర్తిగా పోదు. మీ ఫైల్లో ఎఫ్ 3.5, 1/30, ఐఎస్ఓ 3200 ఉంది. ఫుల్ ఫ్రేమ్‌తో (పెద్ద సెన్సర్ కెమెరా) ఒక స్టాపు (వెలుగు రెండింతలైతే ఒక స్టాపు), ఇంకాస్త లాభం, అంతే. పైసా ఖర్చు లేకుండా ఐదు స్టాపులు వచ్చే దారి ఒకటుంది, కెమెరాని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ట్రైపాడ్‌కైతే పురావస్తు శాఖ పర్మిషన్ కావాలి, చేతిరుమాలుకి అక్కర్లేదు. వ్యూఫైండర్ రబ్బరు పొడుచుకొచ్చి కెమెరా ఒక పక్కకి ఒరుగుతుంది కాబట్టి రుమాలు మడతపెట్టి రెండో వైపు కింద దూర్చండి. ముందు చేత్తో పట్టుకుని బొమ్మ మీద ఫోకస్ చేసుకుని మాన్యువల్‌కి మార్చేయండి, స్టెబిలైజర్ ఆపండి, ఐఎస్ఓ 100, షట్టర్ 1 సెకను, రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కి చెయ్యి తీసేయండి. 1/30 నుంచి 1 సెకనుకి ఐదు స్టాపులు, 3200 నుంచి 100కి కూడా ఐదే, వెలుగు లెక్క అలాగే ఉంటుంది, గరుకు మాయమవుతుంది. తీసి చూసుకుని కాస్త జరిపి మళ్ళీ తీసుకోవాలి, ఓపిక కావాలి. ఎవరైనా తొక్కకుండా ఇంట్లోవాళ్ళని పక్కన నిలబెట్టండి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు, ఇన్ని వందల ఏళ్ళు నిలిచిన రంగులవి, పైగా ఫ్లాష్‌తో తీస్తే గీతలన్నీ చదునుగా తేలిపోతాయి.

ప్రశ్న: లెదర్ బ్యాగులో నాఫ్తలీన్ ఉండలు వేసి బీరువాలో దాచినా లెన్స్‌కి ఫంగస్ పట్టింది. ఎందుకని? – విశాఖ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: లెదర్ తేమని పట్టుకుని ఉంటుంది, నాఫ్తలీన్ తేమని లాగదు, ఇక సముద్రం పక్కన మూసిన బీరువా అంటే చెప్పేదేముంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది), సిలికా జెల్, ఈ మూడూ చాలు, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నారింజ రంగు జెల్ తీసుకోండి, నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది, అది మంచిది కాదు. రంగు మారాక వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది, ఏ రంగుదైనా వంటకి వాడే పెనం మీద మాత్రం వద్దు. కొందరు బియ్యంలో పెడతారు, ఆ పిండి లోపలికి పోవడం తప్ప లాభం లేదు. అన్నిటికన్నా మంచి మందు వారానికి ఒకసారి బయటికి తీసి వాడటం. పట్టిన ఫంగస్‌ని త్వరగా క్లీన్ చేయించండి, ఆలస్యమైతే కోటింగ్‌ని తినేస్తుంది, అప్పుడు క్లీన్ చేసినా మచ్చ ఉండిపోతుంది. ఏసీ కారులోంచి దిగంగానే బ్యాగు తెరవకండి, గాజు చల్లగా ఉంటే బయటి తేమంతా దాని మీదే చేరుతుంది, పదిహేను ఇరవై నిమిషాలు మూసే ఉంచండి.

ప్రశ్న: పొరపాటున కార్డు ఫార్మాట్ కొట్టేశా. అర్జెంట్! – ఊరు రాయలేదు

జవాబు: ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, వెంటనే బయటికి తీసేయండి. కెమెరాలో మామూలు ఫార్మాట్ చేస్తే చాలాసార్లు ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే చెరిగిపోతుంది, ఫొటోలు లోపలే ఉంటాయి. ఫొటోరెక్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, కంప్యూటర్‌లో వేసి కార్డుని వెతకమనండి, దొరికినవి అదే కార్డులోకి కాకుండా హార్డ్ డిస్క్‌లోకి దించుకోండి. ఫైళ్ళ పేర్లు మారిపోయి వస్తాయి, కంగారు పడకండి.