దారి లేని మూడెకరాలు సగం ధరకే వస్తే కొనొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది. చిత్తూరు దగ్గర మూడెకరాలు రోడ్డు పక్క భూమి కంటే సగం ధరకే వస్తోంది, లోపలికి సరైన దారి లేదు, "పక్క రైతులు వదుల్తారు సార్, అందరూ అట్లే పోతాండారు" అని ఏజెంట్ చెప్తున్నాడు, కొనొచ్చా అని.

మధ్యలో ఉన్న రైతుల ఇంటికి మీరే వెళ్లి మాట్లాడకుండా, ఆ దారి మీ పేరున రిజిస్టర్ కాకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు. నేను ఇచ్చాను కాబట్టి చెప్తున్నాను.

నేను తిరుపతిలో ఉంటాను. 2018లో వెదురుకుప్పం మండలంలో రెండెకరాల డెబ్బై సెంట్ల మామిడి తోట కొన్నాను. 110 చెట్లు, అన్నీ తోతాపురి, కాపు మీద ఉన్న తోట. తారు రోడ్డు పక్కన ఎకరా 20 లక్షలు చెప్తుంటే ఇది ఎకరా 9 లక్షలకు వచ్చింది. రోడ్డు దిగితే ఒక వంక, వంక దాటితే ఒక పెద్దాయన చేను, ఆ చేను దాటితే మా తోట. మేం చూడటానికి పోయింది ఏప్రిల్‌లో. వంకలో చుక్క నీళ్లు లేవు, పెద్దాయన చేను బీడుగా ఉంది, మా కారు నేరుగా తోటలో చెట్టు కిందికి పోయి ఆగింది. ఇంక దారి గురించి అడగాలని ఎవరికి తోస్తుంది? అమ్మినాయన కూడా "మా నాయన కాలం నుంచి ఇట్లే కాయలు తోలుకుంటాండాం" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ మాటకు అర్థం నాకు మరుసటి ఏడాది జులైలో తెలిసింది.

2019 జులై. మొదటి కాపు మాది. ముందు రోజే కూలీలను పెట్టి కాయ కోయించాం, ఏడు టన్నులదాకా చెట్ల కింద కుప్పలు పోసి ఉంది. పొద్దున ఆరింటికి రెండు ట్రాక్టర్లు తీసుకుని వంక దాటి చూస్తే పెద్దాయన చేను ఎర్రగా దున్ని ఉంది, సాళ్లలో చెనిక్కాయ (వేరుశనగ) మొలిచి నాలుగు ఆకులు వేసింది. పదిహేను రోజుల కింద వాన పడితే విత్తనం వేశాడు. అది ఆయన చేను, ఆయన అదునులో ఆయన విత్తుకున్నాడు. ట్రాక్టర్ డ్రైవర్ ఇంజన్ ఆపి నా వైపు చూశాడు. గట్టు మీద కండువా కప్పుకుని పెద్దాయన కూర్చుని ఉన్నాడు, మేం వస్తామని తెలిసే వచ్చి కూర్చున్నాడు.

నష్టం కట్టిస్తాను అన్నాను. ఎంత కావాలో చెప్పమన్నాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. "మొలిచిన పైరు మీద చక్రం ఎక్కిచ్చేదానికి దుడ్డు తీసుకోమంటావా నాయనా? ఇంతకుముందు ఆయప్ప ప్రతి ఏడూ ఇంటికొచ్చి, మామా ఈ తూరి ఎప్పుడు ఇత్తుతావు, నేనెప్పుడు కాయ తోలుకోవాల అని అడిగి, దానికి తగినట్లు కోసుకునేవాడు. నువ్వు నా చేన్లో కారేసుకోనొచ్చి భూమి చూసినావు, కొన్నావు, పూజ కూడా చేసుకున్నావు, నాతో ఒక్క మాట మాట్లాడితివా?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే మాట్లాడలేదు. ఏజెంట్ చూసుకుంటాడనుకున్నాను.

ఆ రోజు ఏడు టన్నుల కాయ గంపల్లో గట్టు మీద మోయించాం. గంపకు పాతిక కేజీలు వేసుకున్నా 280 గంపలు. అడుగున్నర వెడల్పు గట్టు, రెండు పక్కలా ఆయన పైరు, కాలు జారితే పైరు మీద పడకూడదని కూలీలకు నేనే చెప్తూ నిలబడ్డాను. పది మంది మోస్తే రాత్రి ఏడున్నర అయింది. మధ్యాహ్నం పెద్దాయన భార్య రాగి సంగటి, చెనిక్కాయ ఊరిబిండి, ఒక కుండ మజ్జిగ తెచ్చి అందరికీ పెట్టింది. దారి ఇవ్వని ఇంటి నుంచే అన్నం వచ్చింది. ఆ సంగటి తింటూ నాకు ఏడుపు వచ్చినంత పనైంది. రెండుసార్లు ఎత్తి పోసేసరికి కాయలు దెబ్బతిన్నాయి, జ్యూస్ ఫ్యాక్టరీ ముందు లైన్‌లో ట్రాక్టర్లు రెండు రోజులు నిలబడ్డాయి, అక్కడ రేటు తగ్గించారు. కూలి, ట్రాక్టర్ వెయిటింగ్ పోగా చేతికి వచ్చింది చెప్పుకునేంత లేదు.

బోరు సంగతి అయితే ఇంకా అన్యాయం. బోరు వేయాలంటే ఒక్క లారీ రాదు, బోరు లారీ వెనకే రాడ్ల లారీ కూడా రావాలి, రెండూ బరువైన బండ్లు. పెద్దాయన చెనిక్కాయ పెరికేదాకా ఆగాం, పెరికేసరికి అక్టోబర్ వానలు మొదలయ్యాయి, నేల ఆరేసరికి ఫిబ్రవరి. అన్ని నెలలూ చిన్న మొక్కలకు ట్యాంకర్ నీళ్లు కూడా తోలలేకపోయాం, ఎందుకంటే ట్యాంకర్‌కూ అదే దారి.

ఇప్పుడు చట్టం మాట. దారి అనగానే నెట్‌లో ప్రతి ఒక్కరూ "ఈజ్‌మెంట్ హక్కు ఉంది, కోర్టుకు పో" అని రాస్తారు. ఈజ్‌మెంట్ అంటే పక్కవాళ్ల భూమిని దారిలాంటి అవసరానికి వాడుకునే హక్కు. చదవకుండా రాస్తారు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం వాడుక మీద దారి హక్కు రావాలంటే 20 ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా ఆ దారి వాడి ఉండాలి. అడ్డం పెట్టాక రెండేళ్ల లోపు దావా కూడా వేయాలి. అనుమతి అడిగి నడిచిన దారి ఎన్నేళ్లు నడిచినా హక్కు కాదు. మా తోట పాత ఆసామి ప్రతి ఏడూ "మామా, కాయ తోలుకుంటా" అని అడిగే పోయేవాడు కదా, ఆ మంచితనమే కోర్టులో మాకు ఎదురు సాక్ష్యం. పల్లెల్లో మర్యాదున్న ప్రతి ఒక్కరూ అడిగే పోతారు. ఇంకొకటి, వేరే గత్యంతరం లేదు కాబట్టి దారి ఇవ్వాల్సిందే అనే హక్కు కూడా ఉంది, కానీ అది రెండు భూములూ ఒకప్పుడు ఒకరివే అయ్యి, విడిపోయినప్పుడు వచ్చేది. మా రెండు చేన్లూ ఎన్నడూ ఒక ఇంటివి కావు. దస్తావేజులో "దారి హక్కుతో సహా" అని ముద్దుగా ఒక లైన్ రాస్తారు, దాన్ని చూసి నేనూ ధైర్యం తెచ్చుకున్నాను. అమ్మేవాడికి లేని హక్కును ఆయన నాకెలా అమ్ముతాడు? ఆ లైన్ పక్క రైతును కట్టిపడేయదు.

గ్రామ సచివాలయం సర్వేయర్‌ను పట్టుకుని గ్రామ నక్షా చూపించుకున్నాను. నక్షాలో జంట చుక్కల గీత ఉంటే అది బండ్లబాట, ఒంటి చుక్కల గీత అయితే కాలిబాట. మా తోట దగ్గరికి జంట గీత ఉంది! సంతోషంతో ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అది అటు చెరువు కట్ట వైపు నుంచి వస్తుంది, ఇప్పుడు ఆ గీత మీద ఒకాయన పశువుల కొట్టం, ఇద్దరి మామిడి చెట్లు ఉన్నాయి. కాగితం మీద బాట బతికే ఉంది, నేల మీద పోయి ముప్పై ఏళ్లయింది. మూడు ఇళ్లతో తగాదా పెట్టుకుని ఆ ఊళ్లో తోట ఎలా చేసుకోను? అందుకే మళ్లీ పెద్దాయన ఇంటికే పోయాను.

ఈసారి కాగితాలు తీసుకుని పోలేదు, మా అమ్మను తీసుకుని పోయాను. నాలుగైదు సార్లు ఊరికే పోయి కూర్చున్నాక ఆయనే లేపాడు మాట. గట్టు వెంబడి 12 అడుగుల వెడల్పు, 330 అడుగుల పొడవు. లెక్కేస్తే తొమ్మిది సెంట్లు. సెంటు పాతిక వేలు అడిగాడు, మొత్తం రెండు లక్షల పాతిక వేలు. నేను తోట కొన్న రేటుకు ఇది దాదాపు మూడింతలు, అయినా బేరం ఆడలేదు. ఆయన పెట్టిన షరతులు రెండే. దారికి అడ్డంగా గేటు పెట్టకూడదు, వాన నీళ్లు ఆయన కయ్యల్లోకి పోయేలా దారి కింద సిమెంటు పైపులు వేయాలి. రెండూ న్యాయమే.

డబ్బు ఇచ్చినా పని కాలేదు, పద్నాలుగు నెలలు పట్టింది. ఎందుకంటే ఆ చేను ఇంకా ఆయన తండ్రి పేరు మీదే ఉంది. ఇద్దరు తమ్ముళ్లు, తమిళనాడు గుడియాత్తంలో కాపురం ఉంటున్న చెల్లెలు, అందరూ సంతకం పెట్టాలి. తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పేరు మార్పు, సబ్ డివిజన్, ఒక్కోదానికీ ఆఫీసు చుట్టూ తిరగడం. ఇదంతా నేను కొనకముందు చూసుకుని ఉంటే ఈ టెన్షన్ అమ్మేవాడి నెత్తిన ఉండేది. "దారి చేతికిచ్చి మిగతా సొమ్ము తీసుకో" అని ఉండేవాడిని. రిజిస్ట్రేషన్ అయిపోయాక మన మాట వినేవాళ్లు ఉండరు.

అందుకే చెప్తున్నాను, మీ సర్వే నంబర్ ఒక్కటే కాదు, తారు రోడ్డు నుంచి మీ భూమి దాకా మధ్యలో ఉన్న ప్రతి నంబర్‌కూ ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం), అడంగల్ (సాగు రికార్డు), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) తీయించండి. ఆ నంబర్లలో ఏదైనా డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసి ఇచ్చిన భూమి, ఉంటే ఇంకా జాగ్రత్త. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో సవరణ తెచ్చి వదిలారు, మళ్లీ 2024లో అట్లాంటి వాటి రిజిస్ట్రేషన్లు ఆపారు. మధ్యలో ఒక్క ముక్క 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉన్నా, ఆ రైతు ఇష్టపడి ఇస్తానన్నా మీకు దారి రిజిస్టర్ కాదు.

వంక గురించి ఎవరూ చెప్పరు. ఏజెంట్లు డ్రోన్ ఎగరేసి, పాట పెట్టి, "తిరుపతికి నలభై నిమిషాలు, ముప్పై అడుగుల మట్టి రోడ్డు" అని వీడియోలు పెడతారే, అవన్నీ జనవరి నుంచి మే లోపల తీసినవే ఉంటాయి. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, మా వంక పది రోజులు దిగలేదు. తోటలో కాపలా ఉన్న కుటుంబం అటు పక్క, మేం ఇటు పక్క. వాళ్ల చిన్నపిల్లకు జ్వరం వస్తే పెద్దాయన కొడుకు భుజాన ఎత్తుకుని చెరువు కట్ట చుట్టూ నాలుగు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీదికి తెచ్చాడు. దారికి డబ్బు కట్టి రిజిస్టర్ చేయించుకున్నాక కూడా వంక మా చేతిలో లేదు. అది పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి, మన ఇష్టానికి కట్టుకునేది కాదు. వంక మీద చప్టా (దాటడానికి సిమెంటు దారి) కోసం పంచాయతీలో ఇప్పటికి మూడుసార్లు అర్జీ ఇచ్చాను. నవంబర్‌లో ఒకసారి పోయి చూడకుండా వంక అవతలి భూమి కొనొద్దు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, మీరు అడక్కపోయినా. టౌన్‌ల నుంచి పోయి భూమి కొన్నవాళ్లు మొదటి నెలలోనే చుట్టూ రాతి కూసాలు పాతి ముళ్లకంచె లాగేస్తారు. మా పక్క ఊళ్లో ఒకరు అట్లే చేశారు. ఆవులు వంకకు నీళ్లకు పోయే దోవ మూసుకుపోయింది, ఎప్పటినుంచో ఆ మూల నుంచి నడిచే కూలీలు కిలోమీటరు చుట్టుపోతున్నారు. వాళ్లు కాగితం ప్రకారం తప్పేమీ చేయలేదు, సర్వే చేయించుకునే కంచె వేశారు. కానీ రేపు వాళ్లకు ట్రాక్టర్ దారి కావాలంటే ఆ ఊళ్లో ఎవరిస్తారు? మనకు దారి కావాలని వందసార్లు అడుగుతాం, మన భూమిలో నుంచి పోయే దారిని మాత్రం మొదటి రోజే కోసేస్తాం. నేను మా తోట మూలలో ఆరడుగులు వదిలేసి కంచె వేయించాను, పెద్దాయన మేకలు అటే పోతాయి.

మీ మూడెకరాల సంగతికి వస్తే, రేటు సగం అన్నారు కానీ రోడ్డు నుంచి భూమి దాకా మధ్యలో ఎంతమంది రైతులున్నారో రాయలేదు. ఒక్కరే ఉండి, చేను ఆయన పేరు మీదే ఉంటే ధైర్యంగా పోయి మాట్లాడండి, ఏజెంట్ లేకుండా, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని. దారికయ్యే ఖర్చు కలిపి ఎకరా ధర లెక్కేసుకోండి, అప్పుడు కూడా రోడ్డు పక్క భూమి కంటే తక్కువకే వస్తే తీసుకోండి. నలుగురైదుగురు ఉంటే మాత్రం నేనైతే వదిలేస్తాను, అందులో మూడో ఆయన దగ్గరే ఆగిపోతుంది పని. సర్వే నంబర్లు దాచేసి గ్రామ నక్షా ఫొటో ఒకటి పెట్టండి, బండ్లబాట ఎటు నుంచి ఉందో చూసి చెప్తాను.