మేనమామ డీఆర్‌డీవోలో ఉంటే అబ్బాయికి అమెరికాలో క్లియరెన్స్ రాదా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మాకింకా గ్రీన్‌కార్డే. అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఏరోస్పేస్ ఆఖరి ఏడాది. ఒక రక్షణ రంగ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వ అనుమతి, కావాలట. మా తమ్ముడు హైదరాబాద్‌లో డీఆర్‌డీవోలో చేస్తాడు. ఆ పేరు రాయొద్దని, కొన్నాళ్లు అమ్మమ్మకి ఫోన్లు కూడా మాన్పించమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ రెండు మాటలూ వినకండి. ఇండియాలో బంధువులున్నారన్న ఒక్క కారణంతో క్లియరెన్స్ ఆపరు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో విదేశీ ప్రభావం ఒకటి. ఆ బంధువును అడ్డం పెట్టుకుని మీవాణ్ణి ఎవరైనా ఒత్తిడి చేయగలరా అన్నదే అందులో అసలు ప్రశ్న. అది ఏ దేశం, ఆ మనిషి చేసే ఉద్యోగమేంటి, మీవాడికి ఎంత దగ్గర అన్నవన్నీ కలిపి చూస్తారు. మీ తమ్ముడిది ప్రభుత్వ రక్షణ పరిశోధన కాబట్టి ఆయన గురించి గట్టిగానే అడగొచ్చు, ఆలస్యమూ కావచ్చు. తప్పక వస్తుందని నేను మాటివ్వలేను. కానీ దాచి దొరికితే మాత్రం ఉద్యోగం పోవడంతో ఆగదు. కావాలని తప్పు రాయడం నేరం, 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

క్లియరెన్స్ కోసం మీవాడు నింపాల్సిన ఫారం పేరు ఎస్ఎఫ్-86. తల్లిదండ్రులు, తోబుట్టువులు 18వ సెక్షన్‌లో వస్తారు. మీ గ్రీన్‌కార్డు వివరాలూ అక్కడే అడుగుతారు. మేనమామ, అమ్మమ్మ అందులో రారు. అయితే గత 7 ఏళ్లలో ఆప్యాయతతో దగ్గరగా మెలిగిన విదేశీయుల గురించి 19వ సెక్షన్ అడుగుతుంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడే మామయ్య అందులో ఉండాల్సిందే. పెళ్లిళ్లలో ఓసారి పలకరించి వదిలేసే దూరపు చుట్టాలు అక్కర్లేదు.

చాలామంది మరిచిపోయేది 20వ సెక్షన్. తాతగారు మనవడి పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, కొనిపెట్టిన ప్లాటు ఉంటే అక్కడ రాయాలి. 7 ఏళ్ల విదేశీ ప్రయాణాలూ అక్కడే. భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డుంటే అదీ చెప్పమనండి. అది పౌరసత్వం కాదు, దాచాల్సిన పనేం లేదు.

నిరుడు ఒక అబ్బాయి పక్కన కూర్చుని ఇదే ఫారం నింపించాను. అమ్మమ్మ పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాడు. ఫోన్ చేస్తే ఆవిడ "శ్రావణమాసం, పెద్ద తుఫానొచ్చిన ఏడు" అంది. ఆధార్‌లో చూస్తే జులై 1. ఆ తేదీయే వేసి, పక్కనున్న 'అంచనా' గడిలో టిక్ పెట్టించాను. తెలియనిది తెలియదని రాయడానికి ఫారంలోనే చోటుంది, ఊహించి రాయకూడదు.

ఈ వారమే పాత పాస్‌పోర్టులు బయటికి తీసి, ఇండియా ప్రయాణాల తేదీలు ముద్రలు చూసి రాసుకోమనండి. అమ్మమ్మకీ ఫోన్ చేయమనండి, ఆవిడ పూర్తి పేరు ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఎలా ఉందో కనుక్కోవాలి కదా.