యూనివర్సిటీ వదిలి కమ్యూనిటీ కాలేజీలో చేరాను, మళ్ళీ వెనక్కి వెళ్ళొచ్చా మేడం?

ప్రశ్న: మేడం, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. టెక్సాస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్ మూడు సెమిస్టర్లు అయ్యాయి. నాన్నది మిర్చి సాగు, రేటు పడిపోయి సరుకంతా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది, ఇక ఫీజు పంపలేనన్నారు, అమ్మ గాజులు కూడా బ్యాంకులో పెట్టేశారు. డిసెంబర్ 16న కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో రెండేళ్ళ కోర్సులుండే కాలేజీ) ఆఫర్ లెటర్ జతచేసి, నన్ను అక్కడికి ట్రాన్స్‌ఫర్ చెయ్యండని మా ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. సెలవులయ్యాక చూస్తాం, మా మెయిల్ వచ్చేదాకా ఆగమన్నారు. తర్వాత ఏమీ రాలేదు. జనవరి 20న క్లాసులు మొదలైపోతుంటే నేనే వెళ్ళి అక్కడ చేరిపోయాను. నాలుగు సబ్జెక్టులు, అందులో రెండు ఆన్‌లైన్. ఫీజు ఇన్-డిస్ట్రిక్ట్ రేటే, అంటే స్థానికులకుండే తక్కువ రేటే పడింది. ఏప్రిల్‌లో పాత మెయిల్ తెరిస్తే ఫిబ్రవరి 12న నా సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) టర్మినేట్ చేశామని ఉంది. మా బాబాయి తెలిసిన డాక్టర్‌తో నాకు జనవరిలో టైఫాయిడ్ వచ్చినట్టు, ఫోన్‌లో చూసినట్టు సర్టిఫికెట్ రాయిస్తానంటున్నాడు. ఏడాది ఇక్కడ చదివి, డబ్బులు సర్దుకున్నాక యూనివర్సిటీకి వెళ్ళిపోవాలని నా ప్లాన్. అవుతుందా?

జవాబు: బాబూ, నీ ఉత్తరం పొడుగ్గా ఉంటే పైన కుదించి వేశాం. అసలుది ప్రింట్ తీస్తే మూడు పేజీలు, అందులో రెండు పేజీలు మిర్చి రేటు, వడ్డీలు, అమ్మ గాజులు. అవన్నీ నిజమే అయ్యుంటాయి, నేనూ ఆ జిల్లా దాన్నే, కానీ నీ ఫైల్ చూసే ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్‌కి ముందు కావాల్సింది అవి కాదు. నీ కేసుని తేల్చేది ఎక్కడో మధ్యలో నువ్వు ఒక్క లైన్‌లో రాసేసి వదిలేసిన విషయం, డిసెంబర్ 16 మెయిలూ దానికొచ్చిన జవాబూ. నీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే.

ఎందుకో చెప్తా విను. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు యూనివర్సిటీ నుంచి కమ్యూనిటీ కాలేజీకి మారకూడదని చట్టం ఎక్కడా అనలేదు. సెవిస్‌లో గుర్తింపున్న కాలేజీ అయితే చాలు, నిక్షేపంగా మారొచ్చు, రెండేళ్ళ కోర్సు అయినా సరే, మళ్ళీ వెనక్కి కూడా రావొచ్చు. కాకపోతే మనిషి మారడం వేరు, రికార్డు మారడం వేరు. ముందు కొత్త కాలేజీ ఆఫర్ లెటర్ పట్టుకుని పాత యూనివర్సిటీ డీఎస్‌ఓ (ఇంటర్నేషనల్ ఆఫీసులో సెవిస్ రికార్డులు చూసే అధికారి) దగ్గరికి వెళ్ళాలి, ఆయన సెవిస్‌లో రిలీజ్ డేట్ పెట్టాలి, ఆ తేదీకి రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్తుంది, వాళ్ళు కొత్త ఐ-20 (నువ్వు వాళ్ళ స్టూడెంట్‌వని చూపే పత్రం) ఇస్తారు, కోర్సు మొదలయ్యే తేదీ నుంచి 15 రోజుల్లోపు అక్కడి డీఎస్‌ఓ దగ్గర రిపోర్ట్ చెయ్యాలి. మధ్యలో గ్యాప్ ఉన్నా అది 5 నెలలు దాటకూడదు. నువ్వు మొదటి అడుగు వేశావు, రెండో అడుగు పడకుండానే వెళ్ళి కూర్చున్నావు. నీ శరీరం కమ్యూనిటీ కాలేజీ క్లాసులో ఉంది, నీ రికార్డు యూనివర్సిటీలోనే ఉండిపోయింది, అక్కడ నువ్వు రిజిస్టర్ కాలేదు కాబట్టి వాళ్ళు టర్మినేట్ చేశారు. నువ్వు కమ్యూనిటీ కాలేజీలో ఎన్ని ఏ గ్రేడ్లు తెచ్చుకున్నా స్టేటస్, అంటే అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హోదా, లేని మనిషివే.

ఇక్కడ నిన్ను తిట్టాలి, తప్పదు. ఫిబ్రవరి 12న వచ్చిన మెయిల్ ఏప్రిల్‌లో చూడటం ఏంటి? కొత్త కాలేజీలో చేరానుగా ఇక పాత మెయిల్ ఎందుకు అనుకున్నావు. కిందటేడు నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి ఫోన్ టేబుల్ మీద పెడితే యూనివర్సిటీ మెయిల్ బొమ్మ మీద ఎర్ర చుక్కలో నాలుగంకెల నంబరు కనిపించింది, అన్నీ చదవనివే, వాటి మధ్యలో ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళు పంపిన హెచ్చరికలు మూడు ఉన్నాయి, చివరిదానికి జవాబిచ్చినా సరిపోయేది. మీ నాన్నకి అంత అప్పుచేసి పంపే ఓపిక ఉంది, నీకు మెయిల్ చదివే ఓపిక ఉండాలి కదా.

సరే, ఇప్పుడు గడువు. స్టేటస్ పోయినవాళ్ళు తిరిగి తెచ్చుకోడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ అని ఒకటుంది, ఫారం ఐ-539 వేసి యూఎస్‌సీఐఎస్‌ని, అంటే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖని అడగడం. అప్లికేషన్ వేసేనాటికి స్టేటస్ పోయి 5 నెలలు దాటకూడదని రూలు. దాటితే, అసాధారణ పరిస్థితుల వల్లే ఆలస్యమైందనీ, ఆ పరిస్థితిలో వీలైనంత త్వరగా వేశాననీ నిరూపించాలి, సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్ళీ కట్టాలి, అది చాలా కష్టం. నీ లెక్క ఎలా ఉందంటే ఫిబ్రవరి 12 నుంచి జులై 12 దాకా టైముంది అనుకుంటున్నావు, ఉత్తరంలో అలాగే రాశావు. అలా లెక్కేసుకోకు. ఫిబ్రవరి 12 అనేది వాళ్ళు కంప్యూటర్‌లో బటన్ నొక్కిన రోజు. నువ్వు రిజిస్టర్ కాకుండా ఉండిపోయింది జనవరి 20న, ఆఫీసర్ ఆ రోజు నుంచే లెక్కేస్తే నీ గడువు జూన్ 20కే అయిపోతుంది. మనం కూడా జూన్ 20 అనే పట్టుకుందాం. నేనిది రాస్తున్నది మే నెలాఖరులో, అంటే నీ చేతిలో మూడు వారాలే ఉన్నాయి.

గడువులో వేస్తే సరిపోదు, స్టేటస్ నీ చేతిలో లేని కారణం వల్ల పోయిందని చూపించాలి. రూల్లో ఉదాహరణలు ఇచ్చారు: తీవ్రమైన జబ్బు లేదా గాయం, కాలేజీ మూతపడటం, ప్రకృతి వైపరీత్యం, డీఎస్‌ఓ పొరపాటు లేదా నిర్లక్ష్యం. డబ్బు ఇబ్బంది ఆ ఉదాహరణల్లో లేదు, అందుకే మిర్చి కథ నీ కేసుకి ప్రాణం కాదంటున్నా, అది నువ్వు కాలేజీ ఎందుకు మారాలనుకున్నావో చెప్తుంది, స్టేటస్ ఎందుకు పోయిందో చెప్పదు. డీఎస్‌ఓ పొరపాటు మాత్రం ఉంది. సెమిస్టర్ మొదలవ్వకముందే, ఆఫర్ లెటర్ జతచేసి, ట్రాన్స్‌ఫర్ కావాలని రాతపూర్వకంగా అడిగావు, వాళ్ళు ఆగమని రాసి మర్చిపోయారు. నువ్వు మళ్ళీ గుర్తుచెయ్యలేదన్నది నీ తప్పు, ఆఫీసర్ అది అడుగుతాడు, దానికి నిజమే చెప్పాలి. అయినా ఆ మెయిల్ లేకపోతే, రూలు పట్టించుకోకుండా తనంతట తను వెళ్ళిపోయాడు అంటారు, ఆ మెయిల్ ఉంటే ముందే అడిగాడు అంటారు. ఈ రెండు మాటల మధ్యలోనే నీ కేసుంది.

కాబట్టి ఇది చదవగానే చెయ్యాల్సిన పని, ఆ మెయిల్ మొత్తం తేదీ, టైము, అటాచ్‌మెంట్ కనపడేలా పీడీఎఫ్ తీసుకో, అసలు మెయిల్ ఫైల్ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకు. చదువు ఆపేసిన స్టూడెంట్ల మెయిల్ అకౌంట్లు యూనివర్సిటీలు కొన్నాళ్ళకి మూసేస్తాయి, నీది ఇంకా తెరుచుకుంటోందంటే అదృష్టం.

ఇక బాబాయి టైఫాయిడ్ సర్టిఫికెట్. దాని జోలికి పోవద్దు. పోవద్దు అంటే ఆలోచన కూడా వద్దు. రూల్లో జబ్బు అనే మాట ఎవరో చెప్పుంటారు, అందుకే ఆయనకి ఆ ఐడియా వచ్చింది. జనవరి ఆఖరి వారంలో నువ్వు మంచాన పడున్నావని ఆ కాగితం చెప్తుంది, అదే వారంలో నువ్వు క్లాసులో ఉన్నావని కమ్యూనిటీ కాలేజీ అటెండెన్స్ చెప్తుంది, ఆ అటెండెన్సే నువ్వు నిజమైన స్టూడెంట్‌వని మనం చూపించాల్సిన కాగితం. నీ దొంగ సాక్ష్యం నీ మంచి సాక్ష్యాన్ని చంపేస్తుంది. అంతకంటే పెద్దది, ఇమ్మిగ్రేషన్ ప్రయోజనం కోసం అబద్ధపు కాగితం ఇచ్చావని తేలితే అది స్టేటస్ పోవడంలాంటిది కాదు, జీవితాంతం అమెరికాలో అడుగుపెట్టే అర్హత పోతుంది, రేపు పెళ్ళయి భార్య తరఫున వచ్చినా ఆ మచ్చ అలాగే ఉంటుంది, వెయివర్, అంటే ప్రత్యేక మినహాయింపు దొరికితేనే బయటపడతావు. బాబాయికి ఈ పేరా చదివి వినిపించు.

డబ్బు కడితే సెవిస్ యాక్టివ్‌గా ఉంచుతాం, క్లాసులకి రానక్కర్లేదు అనే కాలేజీ పేరు నీ రూమ్మేట్ చెప్పాడని కూడా రాశావు. కాలిఫోర్నియాలో అలాంటిదే ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో ఇమ్మిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, కొంతమంది కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు. మిచిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు ప్రభుత్వమే పెట్టిన వల, 2019లో బయటపడింది, అప్పుడు కూడా పట్టుబడిన వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. అయినా ఇప్పటికీ అదే మాట చెప్పేవాళ్ళు ఉన్నారు, వినేవాళ్ళూ ఉన్నారు.

నీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇంకొకటుంది, ఇన్-డిస్ట్రిక్ట్ ఫీజు. ఎఫ్-1 స్టూడెంట్‌కి మామూలుగా ఆ రేటు పడదు. మరి నీకెలా పడింది? ఆన్‌లైన్ అప్లికేషన్‌లో సిటిజన్ అనో పర్మనెంట్ రెసిడెంట్ అనో టిక్ పెట్టావా? ఆ అప్లికేషన్ కాపీ కాలేజీ పోర్టల్‌లో ఉంటుంది, తీసి చూడు. పౌరుడినని అబద్ధం చెప్పడం చట్టంలో అన్నింటికంటే క్షమించనిది. పొరపాటున క్లర్క్ వేసిన రేటైతే ఫీజు తేడా కట్టి రాతపూర్వకంగా సరిచేయించుకోవచ్చు. టిక్ నువ్వే పెట్టుంటే మాత్రం ఐ-539 వెయ్యకముందు, కాలేజీకి ఒక్క లైన్ రాయకముందు, లాయర్ ముందు కూర్చోవాలి. ఎక్కడైనా క్యాష్‌కి పనిచేశావా అన్నది కూడా నువ్వు రాయలేదు. గ్యాస్ స్టేషన్‌లో శని ఆదివారాలు చేసినా అది అనుమతి లేని పనే, రీఇన్‌స్టేట్‌మెంట్ అక్కడే ఆగిపోతుంది. చేసుంటే లాయర్‌కి చెప్పు, ఫారంలో దాచకు.

ఇవి లేవనుకుని చెప్తున్నా. ముందు పాత యూనివర్సిటీ డీఎస్‌ఓ దగ్గరికి మనిషిగా వెళ్ళు, మెయిల్ ప్రింట్ ఇచ్చి, ఇది మీవైపు జరిగిన పొరపాటు, సెవిస్‌లో కరెక్షన్ రిక్వెస్ట్ పెట్టండని మర్యాదగా రాతలో అడుగు. స్కూల్ పొరపాటు వల్ల టర్మినేట్ అయిన రికార్డుని తిరిగి యాక్టివ్ చెయ్యమని డీఎస్‌ఓ అడిగే దారి సెవిస్‌లో ఉంది, అది ఒప్పుకుంటే ఐ-539 అవసరమే రాదు. గొడవపడకు, నీకు కావాల్సింది ఆయన సంతకం. కానీ దానికోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు, పక్కనే రీఇన్‌స్టేట్‌మెంట్ కాగితాలు కూడా సిద్ధం చెయ్యి. నీ కమ్యూనిటీ కాలేజీకి సెవిస్ గుర్తింపు ఉందో లేదో స్టడీ ఇన్ ద స్టేట్స్ సైట్‌లో స్కూల్ సెర్చ్‌లో కొట్టి చూడు. ఉంటే టర్మినేట్ అయిన రికార్డునే అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని, ఆ డీఎస్‌ఓ సిఫారసుతో ఉన్న ఐ-20 మీద వెయ్యొచ్చు. లేకపోతే యూనివర్సిటీ ద్వారానే వెయ్యాలి. రిజెక్ట్ అయితే మర్నాటి నుంచి అక్రమ నివాసం లెక్క మొదలవుతుంది, 180 రోజులు దాటి వెళ్తే 3 ఏళ్ళు, ఏడాది నిండితే 10 ఏళ్ళు రానివ్వరు, అందుకని బలహీనంగా వెయ్యకూడదు. ఇంకో దారి, దేశం వదిలి వెళ్ళి కొత్త ఐ-20, కొత్త సెవిస్ ఫీజుతో మళ్ళీ రావడం. అది కూడా చట్టబద్ధమే, కానీ వీసా కిటికీ దగ్గర ఈ టర్మినేషన్ గురించి అడుగుతారు, సీపీటీ, ఓపీటీలకి (చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతులు) కావాల్సిన ఏడాది చదువు కూడా కొత్తగా మొదలవుతుంది.

స్టేటస్ నిలబడ్డాక ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో 12 క్రెడిట్లు తీసుకో, ఆన్‌లైన్‌లో ఒక్క సబ్జెక్టే, అంటే 3 క్రెడిట్లే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. నీకు ఇప్పుడు రెండున్నాయి, అదీ తప్పే.

వెనక్కి వెళ్ళడం సంగతి. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో కోర్సు నంబర్లు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి సరైన సబ్జెక్టు ఎంచుకుంటే క్రెడిట్ పోదు, అయినా ప్రతి సబ్జెక్టుకీ మా డిగ్రీలో ఇది దేనికి లెక్కొస్తుందని యూనివర్సిటీ అడ్వైజర్‌తో మెయిల్‌లో రాయించుకున్నాకే రిజిస్టర్ అవ్వు. డిగ్రీలో కనీసం నాలుగో వంతు క్రెడిట్లు ఆ యూనివర్సిటీలోనే చదవాలి. నువ్వు పాత స్టూడెంట్‌వి కాబట్టి ట్రాన్స్‌ఫర్ కాదు, రీఅడ్మిషన్ అంటారేమో, గడువులు వేరుగా ఉంటాయి, ఇప్పుడే కనుక్కో. యూనివర్సిటీకి బాకీ ఏదైనా ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేసే ప్రమాదం ఉంది, చిన్న మొత్తమైనా తీర్చెయ్యి. ఒకవేళ నీకు కనీసం 1,000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వచ్చి దానివల్ల ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్ళకుండే తక్కువ ఫీజు) పడుతుంటే, వదిలి వెళ్ళాక అది మళ్ళీ వస్తుందో రాదో కూడా రాతలో అడుగు, ఎందుకంటే అది పోతే కమ్యూనిటీ కాలేజీలో మిగిలిందంతా అక్కడే కట్టాల్సి వస్తుంది.

నాన్నకి ఒక మాట చెప్పు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ యూనివర్సిటీ పేరు మీద శాంక్షన్ అయ్యుంటే, కాలేజీ మారినట్టు బ్రాంచికి కొత్త ఐ-20తో తెలియజెయ్యాలి, లేకపోతే వచ్చే విడత ఆగుతుంది.

జూన్ మొదటి వారంలోపు దగ్గర్లో ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలువు. వెళ్ళేటప్పుడు డిసెంబర్ మెయిల్, ఫిబ్రవరి మెయిల్, ఐ-20లు అన్నీ, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు), కమ్యూనిటీ కాలేజీ అప్లికేషన్ కాపీ, అటెండెన్స్, గ్రేడ్లు, రెండుచోట్లా ఫీజు రసీదులు, నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్లు తేదీల వరసలో పెట్టి పట్టుకెళ్ళు. ఫోన్‌లో చూపిస్తా అనొద్దు, ప్రింట్లు తియ్యి.