విల్లును తిట్టే ముందు కారు డిక్కీ గుర్తు చేసుకోండి

మీ ప్రశ్న చదివాను. వేట కోసం తయారైన కాంపౌండ్ విల్లు (రెండు కొనల్లో కామ్ అనే చక్రాలు ఉండేది), లాగుడు బరువు 65 పౌండ్లు, లాగుడు పొడవు 29 అంగుళాలు. నెల కిందటి వరకు బాగానే ఉండి ఇప్పుడు బాణాలు చెదురుతున్నాయి, వేగం కూడా పెంచాలి, ఏ స్క్రూ తిప్పమంటారు అన్నారు. ఏదీ తిప్పకండి. ముందు ఆ అలెన్ కీ కింద పెట్టండి.

రెండేళ్ల కిందట మే నెలలో చిత్తూరులో మా పిన్నికొడుకు పెళ్లి. సాయంత్రాలు మామయ్య మామిడితోటలో సాధన చేసుకుందామని విల్లు డిక్కీలో వేసుకుని వెళ్లాను. తోటలో తోతాపురి కోతల హడావుడి, మండపంలో భోజనాల హడావుడి. రెండు రోజులూ కారు ఎండలోనే ఉంది, విల్లు బయటికే రాలేదు. తిరుపతికి వచ్చి 30 మీటర్ల నుంచి వేస్తే అన్నీ కిందికి పడ్డాయి. నారిలో గురి చూసే చిన్న రంధ్రం, పీప్ సైట్, పక్కకు తిరిగిపోయి అందులోంచి ఏమీ కనబడలేదు.

బాణం తిన్నగా వెళ్తోందా అని చూడటానికి చట్రానికి పాత దినపత్రిక బిగించి, రెండు మీటర్ల దూరం నుంచి దాని గుండా బాణం వేశాను. మొన దిగిన చోటికంటే ఈకలు అంగుళం పైన చించాయి. తోక పైకి చించితే బాణం ఆనే రెస్ట్ పైకి జరపాలి, లేదా నారి మీద బాణం తగిలించే నాక్ పాయింట్ దించాలి. పుస్తకంలో ఉన్నట్టే నాలుగు సాయంత్రాలు మిల్లీమీటరు చొప్పున జరిపాను. ఒక రోజు చిరుగు తగ్గేది, మర్నాడు ఇంకో పక్కకు వచ్చేది. ఇంట్లో చదవని పేపరంటూ మిగలలేదు.

చివరికి విజయవాడలో తెలిసిన ఒక శిక్షకుడికి ఫోను చేశాను. "రెస్ట్ వదిలేయండి సార్, కామ్‌లు రెండూ ఒకేసారి ఆగుతున్నాయా?" అన్నారు. నేను నిండుగా లాగి నిలబడితే తమ్ముడు పక్కనుంచి చూశాడు. పై కామ్ ఆగింది, కింది దానికి ఇంకా మూడు మిల్లీమీటర్ల సందు ఉంది. నారి, కేబుళ్లలో ఉండేది పాలిథిలీన్ జాతి పోగు. బిగువు మీద ఉండగా వేడి తగిలితే అది మెల్లగా సాగుతుంది. నారి, కేబుళ్లు సమానంగా సాగకపోతే కామ్‌ల లయ తప్పుతుంది. నేనేమో రోగం ఒక చోట ఉంటే మందు ఇంకో చోట పూస్తూ కూర్చున్నాను.

విల్లును నొక్కిపట్టే ప్రెస్ మా ఊళ్లో నాకు దొరకలేదు. సాగిన కేబుల్‌ను పొట్టి చేసేలా రెండు మెలికలు వేయించడానికి చెన్నైలో ఒక దుకాణం దాకా పోయాను. ప్రెస్ లేకుండా మాత్రం నారి విప్పకండి, వేళ్లు మిగలవు. ఆ దుకాణదారు పని ముగించి, "పౌండ్లు పెంచుకోండి, బాణం దూసుకుపోతుంది" అని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. దేనికి? 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉండగా వేట మాటే లేదు. ఎర్రచందనం దొంగల బెడద ఉన్న శేషాచలం అంచున విల్లు భుజాన వేసుకుని తిరిగితే అటవీ సిబ్బంది ఆపుతారు, ఆపడమే న్యాయం. పోటీలకా అంటే అక్కడ గరిష్ఠం 60 పౌండ్లే, మీ విల్లు ఇప్పటికే దాటేసింది. 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు, దానికి కావలసింది గురి, వేగం కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చింది ఆ 60 పౌండ్ల హద్దులోనే. అమెరికా వేటగాళ్ల వీడియోలు చూసి మనవాళ్లకు ఈ వేగం పిచ్చి పట్టింది.

నేనిప్పుడు విల్లు సరిగ్గా ఉన్న రోజునే కామ్‌ల మీద తెల్ల పెన్నుతో గీతలు పెట్టి, రెండు ఇరుసుల మధ్య దూరం, పీప్ ఎత్తు మిల్లీమీటర్లలో రాసి ఉంచుతాను. బాణాలు దారి తప్పితే ముందు ఆ కాగితమే తీస్తాను. విల్లు మాత్రం కారులో వెనక సీటు మీదే, నాతోపాటే దిగుతుంది. మా ఆవిడ దానికి సవతి అని పేరు పెట్టింది.

మీ కామ్‌లు సరిగ్గానే ఆగుతుంటే బాణం మీద ముద్రించిన స్పైన్ అంకె (అది ఎంత వంగుతుందో చెప్పేది) చూసి రాయండి. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. 500 అని ఉంటే మాత్రం ఇంతసేపూ మీ విల్లును అనవసరంగా అనుమానించాం, ఆ బరువుకు అది చాలా మెత్తటి బాణం.