మహాబలిపురం దారిలో క్రోకడైల్ బ్యాంక్: పిల్లలతో ఆగొచ్చా?

మహాబలిపురం వెళ్తూ క్రోకడైల్ బ్యాంక్ (మొసళ్లను కాపాడి పెంచే పార్కు) దగ్గర ఆగితే గంటలో అయిపోతుందా, పిల్లలు భయపడతారా అని అడిగారు. తప్పకుండా ఆగండి. గంట మాత్రం చాలదు, కనీసం మూడు గంటలు పెట్టుకోండి. మేమూ గంటే అనుకుని దిగాం.

చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కనే ఉంటుంది. సోమవారం సెలవు. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే చిన్నపిల్లలు నడవలేరు.

లోపలికి వెళ్లగానే మా చిన్నది "ఇవి బొమ్మలా నాన్నా?" అంది. నిజమే, గంటలకొద్దీ కదలవు. కొన్ని నోరు బార్లా తెరిచి ఉంటాయి. అది కోపం కాదు, ఒంట్లో వేడి తగ్గించుకోవడం. కదలట్లేదని మా పక్కాయన ఒకరు గులకరాయి తీశారు. అక్కడి సిబ్బంది చూసి ఆపారు. చాలామంది ఇక్కడే విసిగిపోయి ముందుకెళ్లిపోతారు. మీరు అలా చేయకండి, ఒక్క చెరువు దగ్గరైనా ఓపిగ్గా నిలబడండి.

మేం అలా నిలబడ్డ చోట ఒక మగ్గర్ మొసలి (మన చెరువుల్లో, నదుల్లో ఉండే రకం) నీళ్లలో కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి ఉంది. ముక్కు మీద రెండు ఎండు పుల్లలు. పైన చెట్ల మీద కొంగల గూళ్లు. గూటికి పుల్లలు ఏరుకునే కొంగ వాటికోసం దగ్గరికొస్తే మొసలి పట్టేస్తుందట! ఇక్కడి మొసళ్లలో గమనించిన ఈ సంగతిని శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు కూడా. ఒక కొంగ జానెడు దూరం దాకా వచ్చి, మెడ సాచి, ఎందుకో ఎగిరిపోయింది. మా చిన్నది అంతసేపూ నా వేలు వదల్లేదు.

చర్మాల కోసం వేటాడి మన నదుల్లో మొసళ్లు కరువైపోతున్న రోజుల్లో, 1976లో, పాముల నిపుణుడు రోములస్ విటేకర్, జై విటేకర్ ఈ క్రోకడైల్ బ్యాంక్‌ని మొదలుపెట్టారు. సన్నటి పొడుగు మూతి ఉండే ఘరియల్ మొసళ్లనీ తప్పక చూడండి. మగదాని మూతి చివర కుండలాంటి బుడిపె ఉంటుంది, పేరు దానివల్లే వచ్చింది (హిందీలో ఘడా అంటే కుండ). మొసలి గుడ్డులోంచి ఆడది వస్తుందా మగది వస్తుందా అన్నది పొదిగే వేడిని బట్టి ఉంటుందని మా పెద్దాడికి చెబితే దారంతా అదే మాట.

నన్ను కదిలించింది మాత్రం పాములు పట్టడంలో ఆరితేరిన ఇరుళర్ గిరిజనులు పాము విషం తీసే చోటు, అదీ ఇక్కడే. పూర్వం వాళ్లకి పాము తోళ్లే బతుకుతెరువు. చట్టం వచ్చి ఆ వ్యాపారం ఆగాక, 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల్ని చంపకుండా విషం తీయడం మొదలుపెట్టారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగే. పామును కుండలో పెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. కొన్ని వారాలు విషం తీశాక పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు, మళ్లీ అదే పామును పట్టకుండా. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. మా మేనమామ రక్తపింజరి కాటు నుంచి బతికి బయటపడింది ఆ ఇంజెక్షన్ వల్లే. గాజు పాత్ర అంచు మీద కోరలు ఆనగానే పసుపుపచ్చ చుక్కలు జారుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

విషం తీయడం చూడ్డానికి టికెట్ వేరే, వేళలు గేటు దగ్గరే అడగండి. భయం సంగతా? మా పెద్దాడు మొదట నా వెనక దాక్కున్నాడు. చివరికి ముందు వరసలో కూర్చున్నది వాడే.